ఎక్కిన బండ దిగగలవా? ఒంటరిగా కొండ వెన్ను మీద పోవాలనుకునే తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 25, ఉండేది తిరుపతి, అలిపిరి మెట్లు గంటా ఇరవై నిమిషాల్లో ఎక్కేస్తావు. ఇప్పుడు ఒక రాతి కొండ వెన్ను పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒంటరిగా పోవాలని ఉంది. అలిపిరి నుంచి పైకి చూస్తే కనిపించే ఎర్ర గోడ అంచున అయితే ఇంకా బాగుంటుందన్నావు. ఏం కొనాలి, ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చా, ఇంట్లో చెప్పాలా వద్దా అని అడిగావు.

నాకు 54. నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు. చిత్తూరు చుట్టుపక్కల గుట్టలు ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నాను, సగం సార్లు ఒక్కడినే. కాబట్టి ఒంటరిగా వెళ్ళొద్దు అని నేను చెబితే అది దొంగ మాట. వెళ్ళొచ్చు. కానీ ఇప్పుడే కాదు, ఆ ఎర్ర గోడ మీద అసలే కాదు.

ముందు మెట్ల సంగతి. 3,550 మెట్లు గంటా ఇరవైలో ఎక్కావంటే ఊపిరి బాగుంది, తొడలు బాగున్నాయి. సంతోషం. అయితే మెట్టు అనేది నీ పాదం కోసం ఎవరో కొలిచి కట్టింది. కొండ వెన్ను మీద పాదం ఎక్కడ పెట్టాలో ప్రతి అడుగుకీ నువ్వే తేల్చుకోవాలి. అలా రెండు వేలసార్లు తేల్చుకున్నాక బుర్ర అలసిపోతుంది, కాళ్ళు కాదు. నా అనుభవంలో తప్పటడుగులన్నీ బుర్ర అలసిన తర్వాత పడినవే.

చేతులు జేబులో పెట్టుకుని పోగలిగితే అది నడక. తాడు లేకుండా పోకూడనిది క్లైంబింగ్. రెంటికీ మధ్యలో చేతులూ కాళ్ళూ వాడుకుంటూ పాకేదాన్ని స్క్రాంబ్లింగ్ అంటారు. అమెరికా వాళ్ళ లెక్కలో అది క్లాస్ 3. క్లాస్ 4 అంటే ఎక్కడం పెద్ద కష్టమేం కాదు గానీ జారితే ప్రాణం మీదకి వచ్చేది. ఒంటరిగా పోయేవాడు క్లాస్ 3 దగ్గర గీత గీసుకోవాలి. చిక్కేమిటంటే మన గుట్టల మీద ఎవరూ బోర్డు పెట్టి క్లాసు రాయలేదు. పదడుగులు హాయిగా నడుస్తావు, కలబంద పొద దాటగానే క్లాస్ 4 ఎదురుగా నిలబడి ఉంటుంది.

ఇక ఆ ఎర్ర గోడ. అది క్వార్ట్‌జైట్ రాయి. దాని కింద, కొండ పాదం దగ్గర ఉన్నది గ్రానైట్. కింది రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు, పైదానిది 160 కోట్ల ఏళ్ళు. మధ్యలో ఎనభై తొంభై కోట్ల ఏళ్ళ చరిత్ర రాళ్ళలో లేనే లేదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆ రెండూ కలిసే చోటుని జియోలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడా చాలామంది చూడకుండా పోతారు. నీకు పనికొచ్చే విషయం వేరే ఉంది. గ్రానైట్ గుండ్రంగా అరుగుతుంది. క్వార్ట్‌జైట్ ఇటుకల పేర్పులా పలకలు పలకలుగా విరుగుతుంది, అంచులు కత్తిలా ఉంటాయి. పేర్పులో ఏ ఇటుక కదులుతుందో పట్టుకుని లాగేదాకా తెలియదు. అలాంటి రాయి మీద ఒంటరిగా మొదటి పాఠం నేర్చుకోకూడదు.

రాయి సంగతి పక్కన పెట్టినా ఆ అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, శేషాచలం బయోస్పియర్ రిజర్వ్. అనుమతి లేకుండా మెట్ల దారి వదిలి అడవిలోకి పోతే కేసవుతుంది. ఎర్రచందనం దొంగల్ని పట్టుకోవడానికి టాస్క్‌ఫోర్స్ వాళ్ళు రాత్రింబవళ్ళు తిరిగే చోట ఒంటరిగా, వీపున బ్యాగుతో, పొదల్లోంచి బయటికి వచ్చేవాడిని వాళ్ళు ఏమనుకోవాలి చెప్పు? పైగా చిరుతలు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే చిరుత ఒక చిన్నపాపని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు, చిన్నపిల్లల్ని మధ్యాహ్నం దాటాక పంపలేదు. వేలమంది నడిచే దారిలోనే అలా ఉంటే దారి లేని చోట సంగతి నువ్వే ఊహించుకో. ఆ కొండల లోపల చూడాలనుకుంటే తుంబురు తీర్థం ముక్కోటి లాంటి రోజుల్లో అందరితో పాటు పో. ఫాల్గుణ పౌర్ణమికి వదులుతారు. లోయలో రెండు వైపులా ఆ క్వార్ట్‌జైట్ గోడలే. కావలసినంతసేపు చూడొచ్చు.

నీకు కావలసింది చిత్తూరు వైపు గ్రానైట్ గుట్ట. పెనుమూరు దగ్గర పులిగుండు చూసే ఉంటావు. ఆ జాతి రాయి. పైన చిన్న గుడి, కింద ఊరు, మేకలు తిరిగే దారి ఉన్న గుట్ట వెతుక్కో. మొదట ఊళ్ళో అడుగు, అది రిజర్వ్ ఫారెస్టా కాదా అని. ఊరివాళ్ళకి సరిహద్దు రాళ్ళు తెలుసు. అనుమానం ఉంటే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడుగు, అడిగినందుకు ఎవరూ కోప్పడరు. పలమనేరు, కుప్పం వైపు మాత్రం ఇంకో మాట కూడా అడగాలి, ఏనుగులు ఎక్కడున్నాయని. కౌండిన్య అడవి ఏనుగులు పొలాల్లోకి వచ్చి పోతుంటాయి, ఏ గుట్ట వెనక పగలంతా నిలబడ్డాయో ఆ ఊరివాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దానికి నా కథ ఒకటి చెప్పాలి.

1998, కనుమ మర్నాడు. నాకు 27. పెనుమూరు వైపే ఒక గుట్ట. పేరు చెప్పను, చెబితే వచ్చే ఆదివారం నువ్వు అక్కడుంటావు. గుట్ట వెన్ను కిలోమీటరున్నర ఉంటుంది. వరసగా ఒంటెలు పడుకున్నట్టు నాలుగు మూపురాలు, వాటి మధ్య మెడలు. మొదటి మూపురం నడుచుకుంటూ దాటాను. రెండోదానికి ముందు ఒక బండ, పాతికడుగులు ఉంటుందేమో. పెచ్చులు లేచి మంచి పట్లు ఉన్నాయి. రెండు నిమిషాల్లో ఎక్కేశాను. ఎక్కాక నా మీద నాకే ముచ్చటేసింది కూడా.

పైన నులక మంచం అంత చోటు. దాని అవతల నిట్టనిలువు చరియ. తొంగి చూస్తే కింద తాటిచెట్ల తలలు కనిపించాయి. సరే, వెనక్కి దిగి పక్క నుంచి పోదాం అనుకుని తిరిగాను. అప్పుడు తెలిసింది. ఆ బండ బోర్లించిన కుండలా వంపు తిరిగి ఉంది. ఎక్కేటప్పుడు పట్లన్నీ కళ్ళ ముందున్నాయి. ఇప్పుడు అవన్నీ వంపు కింద. అంచున పొట్ట ఆనించి కాలు కిందికి వదిలాను. బొటనవేలు రాయిని వెతుకుతోంది, ఏదీ తగలట్లేదు. అర నిమిషం అయ్యేసరికి రెండో మోకాలు కుట్టుమిషన్‌లా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎలాగో పైకి లాక్కున్నాను. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అంతే. తొమ్మిదిన్నరకి మొదలైన ఈ వ్యవహారం ఒంటిగంటన్నర దాకా సాగింది. నీళ్ళు అర సీసా. సెల్‌ఫోన్ లేని రోజులు. ఆ గుట్టకి పోతున్నట్టు ఇంట్లో చెప్పలేదు, చిత్తూరు బజారుకు పోయొస్తానన్నాను.

మేకలు వచ్చాయి ముందు. వాటి వెనక ఒక ముసలాయన.

"ఏం నాయినా, ఆడ కూచోనుండావు?"

"దిగను రావడం లేదు తాతా."

ఆయన నవ్వలేదు. బండని కింద నుంచి పైదాకా ఒకసారి చూసి అడిగాడు. "ఎక్కేటప్పుడు ఏ కాలు ముందర పెట్టినావు?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. పాతికడుగులు ఎక్కాను గానీ ఒక్క అడుగు కూడా గుర్తు లేదు.

ఆయన చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి ఎడమ పక్క నెర్రెలోంచి, జువ్వి చెట్టు వేళ్ళు పట్టుకుని సగం దాకా వచ్చాడు. అక్కడి నుంచి నా కాలుకు దారి చెప్పాడు. "మొగం బండ తట్టు తిప్పు. ఎడం కాలు జానెడు కిందికి. ఇంగా కొంచెం. ఆ, ఆడ పెచ్చు ఉండాది, వేళ్ళు పెట్టు." నేను భయంతో బండకి అతుక్కుపోయాను. అప్పుడాయన అన్నమాట ఇప్పటికీ మర్చిపోలేదు. "పొట్ట దూరం పెట్టు నాయినా. బండను కౌగిలిచ్చుకోవద్దు, అది నీ పెండ్లాం కాదు."

ఎగతాళిగా ఉన్నా అందులో విషయం ఉంది. భయమేస్తే ఒంటిని రాయికి ఆనిస్తాం. అప్పుడు బరువు పాదాల మీద నుంచి తప్పుకుని పక్కకి తోస్తుంది, బూటు జారుతుంది. నడుము కాస్త వెనక్కి తీసి నిలబడితే బరువు నిటారుగా పాదంలోకి దిగుతుంది, రాయి బూటుని పట్టుకుంటుంది. పైగా కాలు పెట్టాల్సిన చోటు కంటికి కనిపిస్తుంది.

దిగాక బీడీ ఉందా అని అడిగాడు. లేదన్నాను. బ్యాగులో ఉన్న రెండు కమలాపండ్లు ఇచ్చాను. ఒకటి తిని, ఒకటి మనవరాలికని పంచె కొంగులో కట్టుకున్నాడు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు అడిగిన పది ప్రశ్నలకి నా జవాబు ఒకటే ప్రశ్న. ఎక్కుతున్న బండని దిగగలవా? మనిషి ఒంట్లో కళ్ళు పైన ఉన్నాయి, పాదాలు కింద ఉన్నాయి. ఎక్కేటప్పుడు చేతులు చూసిన చోట పడతాయి, కాళ్ళు చేతులు వదిలిన చోటికి వస్తాయి. దిగేటప్పుడు గుడ్డివాడిలా కాలు తడుముతుంది. అందుకే ఎక్కగలిగినదంతా దిగలేం. తోడు ఉంటే కింద నిలబడి ఆ తాతలా చెబుతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పని నువ్వే చెయ్యాలి, అదీ ఎక్కేటప్పుడే.

ఎలాగంటే, నిలువు బండ వస్తే ఒకేసారి పైకి పోకు. మూడు నాలుగు అడుగులు ఎక్కు, ఆగు, అవే అడుగుల్లో కిందికి దిగు. తేలిగ్గా దిగగలిగితే మళ్ళీ ఎక్కి ఇంకో నాలుగు. నేను ఇప్పటికీ నోటితో చెప్పుకుంటాను, "కుడి కాలు నల్ల మచ్చ, ఎడమ చెయ్యి నెర్రె" అని. మేకలు తప్ప వినేవాళ్ళు ఎవరూ ఉండరు, సిగ్గుపడకు. సగంలో దిగడం కష్టం అనిపిస్తే ఆ బండ నీది కాదు, పక్క దారి చూడు. పక్క దారి లేకపోతే ఆ రోజు అంతే.

ప్రాక్టీస్ కూడా దిగడమే చెయ్యి. ఊరి చివర నాలుగైదు అడుగుల గుండ్లు కావలసినన్ని ఉంటాయి, జారినా కాలు బెణకడమే గానీ ఇంకేం కాదు. ఒక నెల పాటు, వారానికి రెండు పొద్దున్నలు, అక్కడే ఉండు. తక్కువ వాలు అయితే ముఖం బయటికి పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, పాదం మొత్తం రాయికి ఆనేలా చిన్న చిన్న అడుగులు వేస్తూ దిగు. వాలు పెరిగితే పక్కకి తిరుగు. ఇంకా పెరిగితే ముఖం రాయి వైపు. ఎప్పుడు తిరగాలో తెలియడమే నేర్పు. చాలామంది ఆలస్యంగా తిరుగుతారు, భయం పుట్టాక తిరుగుతారు. భయం పుట్టకముందే తిరగాలి. పిర్రల మీద జారుతూ దిగే అలవాటు ఉంటే ఈరోజే మానెయ్. ప్యాంటు చిరగడం చిన్న సంగతి. అలా జారేటప్పుడు బ్యాగు వెనక బండకి తగులుతుంది, నిన్ను ముందుకి తోస్తుంది. నాకు తెలిసిన ఒకాయన అలాగే మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, అదీ చంటిపిల్లలు ఆడుకునేంత బండ మీద.

చేతులూ కాళ్ళూ నాలుగింట్లో ఎప్పుడూ మూడు రాయి మీద ఉండాలనే మాట నువ్వు వినే ఉంటావు. నిజమే. కానీ ఆ మూడూ గట్టి రాయి మీద ఉన్నాయా అని ఎవరూ అడగరు. మన గ్రానైట్ ఎండకీ వానకీ ఉల్లిపొరల్లా ఊడుతుంది. పైకి చూస్తే బ్రహ్మాండమైన పట్టులా కనిపించే పెచ్చు కింద గాలి ఉంటుంది. పట్టుకునే ముందు అరచేతి మడమతో తట్టు. గట్టి రాయి పలకదు. డొల్ల పెచ్చు కుండ తట్టినట్టు పలుకుతుంది. తప్పనిసరై దాన్నే వాడాల్సివస్తే కిందికి నొక్కు, బయటికి లాగకు. బండల మీద పై నుంచి కిందికి నల్లటి చారలు ఉంటాయి చూడు, వాన నీళ్ళు కారే చోట్లు. ఎండాకాలంలో ఏమీ కాదు. చినుకు పడితే సబ్బు. బండ మీద ఆవగింజంత రాతి రవ్వలు పరుచుకుని ఉంటే అవి బూటు కింద గోళీల్లా దొర్లుతాయి, కాలితో ఊడ్చి అడుగు వెయ్యి. ఎండుగడ్డి దుబ్బుని పట్టుగా నమ్మకు. పైనుంచి రాళ్ళు దొర్లడానికి మనుషులే ఉండక్కర్లేదు, కోతులు చాలు.

వాతావరణం గురించి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. 2021 నవంబరు వానలకి ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. ఆ నెలల్లో గుట్టల జోలికి పోకు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో బండ మీద చెయ్యి పెట్టలేవు, పట్టు ఎక్కడ దొరుకుతుంది? సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. అప్పుడు కూడా తెల్లవారుజామున మొదలుపెట్టి, పన్నెండుకల్లా వెన్ను దిగేలా చూసుకో. డిసెంబరు, జనవరిలో ఆరు ప్రాంతానికే పొద్దు గూకుతుంది.

పిడుగు విషయంలో మాత్రం మొండికెయ్యకు. ఎండాకాలం చివర్లో, సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యాహ్నం మబ్బులు ఒక్కసారిగా లేస్తాయి. కొండ వెన్ను మీద అన్నింటికంటే ఎత్తయిన వస్తువు నువ్వే. మెరుపు కనపడగానే లెక్కపెట్టు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లు అంటే కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే అప్పటికే ఆలస్యం, దిగడం మొదలుపెట్టు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ పైకి రాకు. ఒంటరి గుండు కింద, ఒంటరి చెట్టు కింద, గుహలాంటి సందులో నిలబడకు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళ దామిని యాప్ ఫోన్లో పెట్టుకో, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది.

చిరుత, పాము అని అందరూ భయపెడతారు. నేను భయపడేది తేనెటీగలకి. పొడుచుకొచ్చిన బండల కింద నల్లటి మూకుళ్ళలా కొండతేనె పట్లు వేలాడుతుంటాయి. తేనె తీసే యానాదులు కూడా ఆ ఈగలతో మర్యాదగా ఉంటారు. పట్టు కనిపిస్తే దాని పై నుంచి గానీ పక్క నుంచి గానీ పోకు, చాలా దూరం తిరిగి పో, లేదా ఇంటికి పో. సెంటు కొట్టుకుని రాకు. సిగరెట్ వెలిగించకు. ఈగ ఒకటి వచ్చి తల చుట్టూ తిరిగితే చేతులు విసరకుండా వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి జరుగు. మంద లేచిందంటే మాత్రం తల కప్పుకుని పరుగే, కానీ వెన్ను మీద పరుగు పెట్టడానికి చోటెక్కడిది? అందుకే ఎక్కే ముందు రోజు ఊళ్ళో అడగమంటాను, "తేనె ఏ పక్క ఉంది" అని.

పాముల విషయం ఒక్క ముక్కలో: కంటికి కనపడని అంచు మీద చెయ్యి వెయ్యకు. పొద్దుటెండకి కాగడానికి పింజర జాతి పాములు అలాంటి అంచుల మీదే పడుకుంటాయి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, చీల్చడం వద్దు. కదలకుండా 108కి ఫోన్ చెయ్యి. ఎలుగుబంట్లు గుండ్ల సందుల్లో పగలు నిద్రపోతాయి, కాబట్టి చీకటి సందుల్లోకి తొంగి చూసే సరదా మానుకో. ఇయర్‌ఫోన్స్ ప్రశ్నకి జవాబు కూడా ఇదే. ఈగల రొద, రాయి కదిలిన చప్పుడు, పొదలో కదలిక, డొల్ల పెచ్చు పలకడం, అన్నీ చెవికే తెలుస్తాయి. పాటలు బస్సులో విను.

సామాన్లకి పెద్ద ఖర్చు వద్దు. మెత్తటి మందపాటి అడుగున్న రన్నింగ్ షూ వద్దు. సన్నని అంచు మీద నిలబడితే అది ఊగుతుంది. అడుగు పలచగా, గట్టిగా, రబ్బరు బాగా పట్టేది తీసుకో. వేసుకుని నీళ్ళు చల్లిన బండ మీద నిలబడి చూడు. జీన్స్ వేసుకుంటే మోకాలు పైకి లేవదు, రేగుముళ్ళకి మాత్రం మంచిదే, నేను మందపాటి కాటన్ ప్యాంటు వేస్తాను. నీళ్ళు మూడు లీటర్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క. తలకి పెట్టుకునే టార్చి, పగలు పోయినా సరే. క్లైంబింగ్ హెల్మెట్ కొంటే మంచిది, బైక్ హెల్మెట్ పెట్టుకుని వచ్చినవాణ్ణి ఒకణ్ణి చూశాను, పాపం పైకి చూడలేకపోయాడు. తాడు గురించి అడిగావు. వాడటం రానివాడి బ్యాగులో తాడు ఉత్త బరువు. అంతకంటే చెడ్డది, లేని ధైర్యం ఇస్తుంది. తాడు పని నేర్చుకోవాలనుకుంటే మంచిదే. ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ బేసిక్ కోర్సు నాలుగు వారాలు. అంత సెలవు దొరక్కపోతే తెలంగాణలో భువనగిరి గుట్ట ఉంది, ఒకటే రాయి, అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి అడుగులు నేర్చుకుంది ఆ గుట్ట మీదే.

టైము లెక్క అందరూ తప్పుతారు. స్కాట్లండ్‌లో నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు, గంటకి అయిదు కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. మంచి దారి ఉన్న కొండకి బాగా పనికొస్తుంది. మన ముళ్ళకంపల గ్రానైట్ వెన్ను మీద ఆ లెక్క వేసుకుంటే చీకటి పడుతుంది. నేను వెన్ను మీద కిలోమీటరుకి గంటన్నర వేసుకుంటాను. బయలుదేరే ముందే తిరుగు టైము ఒకటి పెట్టుకుంటాను. పదకొండు అనుకుంటే పదకొండే. చివరి మూపురం చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నా సరే వెనక్కే. అలా నేను మూడుసార్లు వెనక్కి వచ్చిన గుట్ట ఒకటుంది. దాని కొస ఇప్పటికీ చూడలేదు. దారిన పోతున్నప్పుడల్లా బస్సులోంచి చూసి కాస్త కుళ్ళుకుంటాను.

ఒంటరిగా ఎప్పుడు పోవచ్చో కూడా అడిగావు. ఎంచుకున్న గుట్టకి ముందు ఒకసారి తోడుతో పో, వీలైతే ఆ ఊరి మేకల కాపరితోనే, ఒక పూట కూలి ఇచ్చి. ఆయన ఏ బండ తప్పించి తిరిగిపోతాడో చూడు, ఆయన తప్పించింది నువ్వూ తప్పించు. రెండోసారి అదే వెన్ను అటు కొస నుంచి ఇటు రా, తోడుతోనే. ఎదురు దిశలో అది వేరే కొండలా కనిపిస్తుంది, ఎక్కినవన్నీ దిగాల్సి వస్తాయి. ఆ రోజు ఎక్కడా మోకాలు వణక్కపోతే మూడోసారి ఒంటరిగా పో. మధ్యలో దిగిపోవడానికి మేకల దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పటికి నీకు తెలిసి ఉంటుంది.

ఫోన్ మీద మరీ ఆశ పెట్టుకోకు. వెన్ను మీద సిగ్నల్ బాగుంటుంది గానీ పడేది వెన్ను మీద కాదు, కోనలోకి. అక్కడ సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, జీపీఎస్ అయినా పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. మెడలో ఒక విజిల్ వేసుకో. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. చాలా దేశాల్లో కొండ మీద అది సాయం అడిగే పద్ధతి. మన కాపర్లకి ఆ లెక్క తెలియదనుకో, అయినా విజిల్ ఆగకుండా మోగుతుంటే వచ్చి చూస్తారు.

ఇక ఇంట్లో చెప్పడం. మీ అమ్మగారికి చెప్పాలా అన్నది మీ ఇంటి విషయం, నేనూ మా అమ్మకి చాలాసార్లు చెప్పలేదు. కానీ వెతకడానికి వచ్చే మనిషి ఒకరికి చెప్పి తీరాలి. భయపడే మనిషి వద్దు, కదిలే మనిషి కావాలి. నాకు మా బావమరిది. ప్రతిసారీ ఒకటే మెసేజ్ పెడతాను, పోయిన జనవరిలో పెట్టింది ఇదీ: "5:40కి బండి గుడి దగ్గర చింతచెట్టు కింద పెట్టాను. తూర్పు కొస నుంచి ఎక్కి వెన్ను మీదుగా పడమర కొసకి. నీలం చొక్కా. 11కి ఎక్కడుంటే అక్కడి నుంచి దిగుతా. 2 లోపు ఫోన్ రాకపోతే పూజారికి ఫోన్ చెయ్యి, నంబరు కింద ఉంది. 3 దాటితే 112."

ఆయన జవాబు కూడా ప్రతిసారీ ఒకటే తీరు. "సరే. ఆ చెట్టు చింతకాయలు పుల్లగా ఉంటాయంట, ఒక సంచి పట్టుకురా."